హైపర్‌కార్డ్‌లో పలికే పక్షుల స్టాక్: ఖాళీ కార్డు నుంచి 800 కె ఫ్లాపీ దాకా

1987 ఆగస్టులో బోస్టన్‌లో జరిగిన మ్యాక్‌వరల్డ్ ఎక్స్‌పోలో ఆపిల్ తన మ్యాకింటాష్ (మ్యాక్) కంప్యూటర్ల కోసం హైపర్‌కార్డ్ అనే ప్రోగ్రామ్‌ను విడుదల చేసింది. రాసినవాడు బిల్ అట్కిన్సన్, అందులోని హైపర్‌టాక్ భాషను తీర్చిదిద్దినవాడు డాన్ వింక్లర్. విడిగా కొంటే 49.95 డాలర్లు, కొత్త మ్యాకింటాష్ కొంటే దానితో ఉచితం. బొమ్మ, శబ్దం, మాట, కదలిక అన్నీ ఒకే చోట కలిపే పని ప్రోగ్రామర్ల చేతి నుంచి బడి పంతుళ్ల చేతికి వచ్చింది దీనితోనే. 1993లో వచ్చిన మిస్ట్ ఆట మ్యాక్ రూపం కూడా హైపర్‌కార్డ్ మీద కట్టిందే. 2004 మార్చిలో ఆపిల్ అమ్మకం ఆపేసింది కానీ పాత యంత్రాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్ల పుణ్యమా అని ఇప్పటికీ చక్కగా నడుస్తుంది.

ఈ మార్గదర్శిలో కాకి, కోకిల, పాలపిట్ట, రామచిలుక, పిచ్చుక అనే ఐదు పక్షుల స్టాక్, అంటే హైపర్‌కార్డ్ కార్డుల కట్ట, కడదాం. కార్డు మీద బొమ్మ, తెలుగులో పేరు, నొక్కితే కూత, చివర చిన్న పరీక్ష. మొత్తం ఒక 800 కె (కిలోబైట్ల) ఫ్లాపీలో పట్టాలి.

స్క్రిప్టు పంక్తులను ఇక్కడ పలికినట్టే తెలుగు లిపిలో ఇచ్చాం. మ్యాక్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేయాలి. కొటేషన్లలోని ఫీల్డ్ (మాటలు రాసే గడి), బటన్ పేర్లూ అంతే. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా హైపర్‌టాక్‌కు లేదు. మౌస్‌అప్, ఓపెన్‌కార్డ్ లాంటివి మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాటగా రాయాలి.

పనిముట్లు

పని చేయడానికి బాసిలిస్క్ 2 ఎమ్యులేటర్‌లో సిస్టమ్ 7.5, హైపర్‌కార్డ్ 2 వరసలోని ఏదైనా వెర్షన్, ఫైలు లోపలి భాగాలు దిద్దే రెస్ఎడిట్, శబ్దాలు మార్చే సౌండ్‌ఆప్ పెట్టుకోండి. ఎమ్యులేటర్‌కు కావలసిన రోమ్ (ROM) ఫైలు మీ సొంత పాత మ్యాక్ నుంచి తీసుకోవాలి. పూర్తయిన స్టాక్‌ను సరిచూసుకోవడానికి మినీ వీమ్యాక్ ఎమ్యులేటర్ మంచిది. అది మ్యాక్ ప్లస్‌ను అనుకరిస్తుంది కాబట్టి అసలు యంత్రం తెర 512 × 342 పిక్సెళ్లలో మీ స్టాక్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఏదీ దించుకోకుండా రుచి చూడాలంటే ఇన్ఫినిట్ మ్యాక్ సైటులో బ్రౌజర్‌లోనే హైపర్‌కార్డ్ తెరుచుకుంటుంది.

మొదట మెమరీ సంగతి చూడండి. ఫైండర్‌లో హైపర్‌కార్డ్ బొమ్మను ఎంచుకుని కమాండ్-ఐ నొక్కి, మెమరీ గడిలో 4000 కె ఇవ్వండి. హైపర్‌కార్డ్ మూసి ఉన్నప్పుడే ఇది మారుతుంది. కుంచె పట్టుకోగానే పెయింట్ పనిముట్లకు మెమరీ చాలదన్న సందేశం వస్తే కారణం ఇదే, సాఫ్ట్‌వేర్ పాడైందని మళ్లీ ఎక్కించనక్కర్లేదు.

తర్వాత హోమ్ స్టాక్‌లోని ప్రిఫరెన్సెస్ కార్డుకు వెళ్లి యూజర్ లెవెల్ 5, అంటే స్క్రిప్టింగ్, ఎంచుకోండి. కొన్ని కాపీల్లో 1, 2 తప్ప మిగతా స్థాయిలు కనబడవు. అప్పుడు అదే కార్డు మీద ఉండి, కమాండ్-ఎం నొక్కి మెసేజ్ బాక్స్ తెరిచి, మ్యాజిక్ అని టైప్ చేసి రిటర్న్ కొట్టండి. దాచిన స్థాయిలు బయటికొస్తాయి.

ముందు కాగితం మీద: ఏది వెనక, ఏది ముందు

హైపర్‌కార్డ్‌లో ప్రతి కార్డూ రెండు పొరలు. వెనక బ్యాక్‌గ్రౌండ్, ముందు కార్డు. బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టినది ఆ బ్యాక్‌గ్రౌండ్ వాడే కార్డులన్నిటి మీదా కనబడుతుంది. కార్డు మీద పెట్టినది అక్కడే ఉంటుంది. పాడైన స్టాకుల్లో ఎక్కువ భాగం ఈ లెక్క తేల్చుకోకుండా మొదలుపెట్టినవే. ఐదు కార్డుల మీద ఐదు "కూత" బటన్లు పెట్టి, ఐదుసార్లు స్క్రిప్ట్ రాసి, ఒక తప్పు దిద్దడానికి ఐదుచోట్ల తిరగాల్సి వస్తుంది. కాబట్టి మౌస్ ముట్టుకోకముందే కాగితం మీద రాసుకోండి.

మన స్టాక్‌లో బ్యాక్‌గ్రౌండ్ మీద ఉండేవి: అంచు గీత, ముందుకు, వెనక్కి బాణాలు, కూత బటన్, శబ్దం పేరు దాచే ఒక ఫీల్డ్. కార్డు మీద ఉండేవి: పక్షి బొమ్మ, తెలుగు పేరు. ఫీల్డ్‌ది ఒక సౌకర్యం ఉంది. ఫీల్డ్ బ్యాక్‌గ్రౌండ్ మీదున్నా, అందులోని మాట మాత్రం కార్డు కార్డుకీ వేరుగా ఉంటుంది. షేర్డ్ టెక్స్ట్ టిక్ పెడితేనే అన్నిటికీ ఒకటవుతుంది. ఈ ఒక్క గుణం మీదే మన స్టాక్ అంతా నిలబడుతుంది.

స్టాక్ తెరవడం, బ్యాక్‌గ్రౌండ్ కట్టడం

ఫైల్ మెనూలో న్యూ స్టాక్ ఎంచుకుని పేరు ఇవ్వండి. కార్డు కొలత 512 × 342 ఉంచండి. 2.0 నుంచి కొలత మార్చుకోవచ్చు కానీ మ్యాక్ ప్లస్ తెర మీద పెద్ద కార్డు పూర్తిగా కనబడదు.

కమాండ్-బి నొక్కండి. మెనూ పట్టీ చుట్టూ చారలు వస్తాయి. చారలుంటే మీరు బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్నట్టు. ఏదైనా గీసేముందు, బటన్ పెట్టేముందు ఈ చారల్ని చూడటం అలవాటు చేసుకోండి. "నా బొమ్మ కార్డులన్నిటి మీదా వచ్చేసింది" అన్న ఫిర్యాదు ఎప్పుడూ ఇక్కడే పుడుతుంది.

ఆబ్జెక్ట్స్ మెనూలో న్యూ ఫీల్డ్ తీసుకోండి. దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే సమాచార పెట్టె వస్తుంది. "కూత" అని పేరు పెట్టండి. పక్షి కార్డులన్నీ నింపాక దీన్ని దాచేస్తాం. తర్వాత న్యూ బటన్ మూడుసార్లు. ఆటో హైలైట్ టిక్ పెడితే నొక్కినప్పుడు బటన్ నల్లబడి, నొక్కినట్టు పిల్లలకు తెలుస్తుంది. ముందుకు బాణం స్క్రిప్ట్:

ఆన్ మౌస్‌అప్
విజువల్ ఎఫెక్ట్ వైప్ లెఫ్ట్
గో నెక్స్ట్ కార్డ్
ఎండ్ మౌస్‌అప్

వెనక్కి బాణానికి వైప్ రైట్, గో ప్రీవియస్ కార్డ్. దిశ కలవాలి. ముందుకు వెళ్తుంటే తెర కుడికి తుడుచుకుపోతే చూసేవారికి వెనక్కి వెళ్లినట్టే అనిపిస్తుంది. ఎఫెక్ట్ అసలు కనబడకపోతే మానిటర్స్ కంట్రోల్ ప్యానెల్‌లో తెరను బ్లాక్ అండ్ వైట్‌కు మార్చి చూడండి. చివరి కార్డు తర్వాత నెక్స్ట్ అంటే మొదటి కార్డే వస్తుంది, దానికోసం వేరే ఏమీ రాయనక్కర్లేదు.

కూత బటన్‌కు:

ఆన్ మౌస్‌అప్
పుట్ లైన్ 1 ఆఫ్ బ్యాక్‌గ్రౌండ్ ఫీల్డ్ "కూత" ఇంటు ఎస్
ప్లే ఎస్
ఎండ్ మౌస్‌అప్

లైన్ 1 ఎందుకంటే, ఫీల్డ్‌లో పేరు టైప్ చేసి అలవాటుగా రిటర్న్ కొడతాం. ఆ కనబడని అక్షరం కూడా పేరులో కలిసిపోయి శబ్దం దొరకదు, కూత వినబడదు. గంటలు తినేసే తప్పు ఇది. ఇంకొకటి: ముందు ఏ మాటా లేకుండా ఫీల్డ్ అంటే హైపర్‌టాక్ బ్యాక్‌గ్రౌండ్ ఫీల్డ్ అనుకుంటుంది, బటన్ అంటే మాత్రం కార్డు బటన్ అనుకుంటుంది. ఈ రెండూ ఎదురెదురుగా ఉండటం వల్ల "అలాంటి బటన్ లేదు" అన్న మాట తరచూ వినాల్సి వస్తుంది. అందుకే కార్డ్ అనో బ్యాక్‌గ్రౌండ్ అనో ప్రతిసారీ రాయండి.

మళ్లీ కమాండ్-బి నొక్కి బయటికి రండి. కమాండ్-ఎన్ నాలుగుసార్లు నొక్కితే మొత్తం ఐదు కార్డులవుతాయి. ఒక్కో కార్డులో కూత ఫీల్డ్‌లో శబ్దం పేరు నింపండి. అయ్యాక మెసేజ్ బాక్స్‌లో హైడ్ బ్యాక్‌గ్రౌండ్ ఫీల్డ్ "కూత" అంటే ఐదు కార్డుల్లోనూ ఒక్కసారే మాయమవుతుంది.

బొమ్మలు: ఒక్క బిట్‌లో పాలపిట్ట

హైపర్‌కార్డ్ సొంత తెర నలుపు తెలుపు మాత్రమే. తర్వాతి వెర్షన్లలో రంగు పైనుంచి అద్దే ఏర్పాటు వచ్చింది గానీ మెమరీనీ వేగాన్నీ తినేస్తుంది, ఈ స్టాక్‌కు వద్దు. పాలపిట్ట రెక్క నీలాన్ని ప్యాటర్న్స్ మెనూలోని దట్టమైన చుక్కలతో, రొమ్ము గోధుమ వన్నెను పలచటి చుక్కలతో చూపించండి. కన్ను వేరుపడుతుంది.

ఫోటో నుంచి తయారు చేయాలనుకుంటే ఇప్పటి కంప్యూటర్‌లో 300 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, అట్కిన్సన్ డిథరింగ్‌తో (ఛాయలను నల్ల చుక్కల దట్టంతో చూపే పద్ధతి) ఒక్క బిట్‌కు, అంటే నలుపు తెలుపుకు, మార్చండి. ఇది హైపర్‌కార్డ్ రాసిన అట్కిన్సన్ పద్ధతే. ప్రతి పిక్సెల్‌ను నలుపో తెలుపో చేసినప్పుడు మిగిలే తేడాను మామూలు పద్ధతులు చుట్టుపక్కల పిక్సెళ్లకు మొత్తం పంచేస్తాయి. ఇతను ఆరు పిక్సెళ్లకు ఎనిమిదో వంతు చొప్పున పంచి, మిగతా పావు వదిలేశాడు. దాంతో తెల్లనివి శుభ్రంగా తెల్లగా, నల్లనివి చిక్కగా నల్లగా ఉంటాయి. కాకికి మాత్రం ముందే ఫోటో వెలుతురు పెంచండి, లేకపోతే రెక్క గీతలన్నీ ఒకే నల్ల ముద్దవుతాయి.

ఆ బొమ్మను పాత మ్యాక్ బొమ్మల రూపమైన మ్యాక్‌పెయింట్ ఫైలుగా మార్చాలి. నెట్‌పీబీఎం పనిముట్లలో ఇందుకు ఒక మార్పిడి ఉంది. మ్యాక్‌లోకి వచ్చాక ఫైల్ టైప్ పీఎన్‌టీజీ అని ఉందో లేదో రెస్ఎడిట్‌లో చూసుకోండి. లేకపోతే హైపర్‌కార్డ్ ఎదురుగా ఉన్నా ఆ ఫైలును చూపించదు. ఇంపోర్ట్ పెయింట్ ఆజ్ఞ ఫైల్ మెనూలో కనబడాలంటే ముందు కుంచెలాంటి పెయింట్ పనిముట్టు ఒకటి చేతిలో ఉండాలి. బొమ్మను తెచ్చేది ఒక వేరే ఖాళీ కార్డు మీదకు తెచ్చి, అక్కడ కావలసినంత ఎంచుకుని కాపీ చేసి, అసలు కార్డు మీద పెట్టండి. అప్పటికే గీసుకున్నది చెడిపోదు.

తెలుగు పేర్లు

ఆ కాలపు మ్యాక్‌లో యూనికోడ్ లేదు, సిస్టమ్‌తో తెలుగు ఫాంటూ రాలేదు. కాబట్టి పేరు కూడా బొమ్మగానే వెళ్లాలి. ఇప్పటి కంప్యూటర్‌లో మందంగా ఉండే తెలుగు ఫాంట్‌లో, వత్తులతో కలిపి కనీసం 48 పిక్సెళ్ల ఎత్తుండేలా పేరు రాసి, డిథరింగ్ లేకుండా నేరుగా నలుపు తెలుపుకు మార్చి, పైన చెప్పిన దారిలోనే తీసుకురండి.

తెచ్చాక అక్కడితో వదిలేయకండి. పెన్సిల్ పట్టుకుని, కమాండ్ నొక్కి అక్షరం మీద క్లిక్ చేస్తే ఫ్యాట్‌బిట్స్ తెరుచుకుని ఒక్కో పిక్సెల్ పెద్ద గడిలా కనబడుతుంది. పిచ్చుకలోని "పి" చూడండి. గుడికీ "ప" ఒంటికీ మధ్య సందు ఈ సైజులో ఒకటి రెండు పిక్సెళ్లే. ఆ సందు పూడిందంటే పిచ్చుక కాస్తా "విచ్చుక" అవుతుంది. నల్లబడిన ఆ రెండు గడుల మీద పెన్సిల్‌తో క్లిక్ చేస్తే తెల్లబడతాయి. "ట్ట"లో కింది వత్తు, "కో" పైభాగం కూడా అలాగే ఒకసారి చూసి తెరవండి. చదవడం నేర్చుకుంటున్న పిల్లల కోసం కడుతున్న స్టాక్‌లో ఈ రెండు పిక్సెళ్ల కంటే ముఖ్యమైన పని లేదు.

బొమ్మగా మారిన మాట ఫైండ్ ఆజ్ఞకు దొరకదు. వెతకాలనుకుంటే ఇంగ్లిష్ లిపి పేరుతో ఇంకో బ్యాక్‌గ్రౌండ్ ఫీల్డ్ పెట్టుకోండి.

కూతలు

లెక్కతో మొదలుపెట్టాలి. పాత మ్యాక్‌లో 8 బిట్ల శబ్దం 22 కిలోహెర్ట్జ్ వేగంలో సెకనుకు సుమారు 22,250 బైట్లు, 11 కిలోహెర్ట్జ్‌లో అందులో సగం. 800 కె ఫ్లాపీ అంటే 8,19,200 బైట్లు. మరేమీ పెట్టకపోయినా 11 కిలోహెర్ట్జ్‌లో 73 సెకన్లకే నిండిపోతుంది.

11 కిలోహెర్ట్జ్ అంటే సుమారు 5,500 హెర్ట్జ్ పైనున్న శబ్దం పోతుంది. కాకికీ, కోకిలకూ, చిలుకకూ, పాలపిట్టకూ దానితో సర్దుకోవచ్చు. పిచ్చుక కిచకిచలో పదునంతా పైభాగంలోనే ఉంటుంది, తగ్గిస్తే బొంగురుపోతుంది. దాన్ని 22లోనే ఉంచి రెండు సెకన్లకు కత్తిరించండి. మిగతా నాలుగూ మూడేసి సెకన్లు. మొత్తం సుమారు 1,78,000 బైట్లు. బొమ్మలకూ, పరీక్షకూ బోలెడంత చోటు మిగులుతుంది.

శబ్దాలు దిద్దే ఆడాసిటీ ప్రోగ్రామ్‌లో మోనో చేసి, ముందువెనకల నిశ్శబ్దం కత్తిరించి, శబ్దం స్థాయిని దాదాపు నిండుగా పెంచండి. 8 బిట్లలో మెట్లు 256 మాత్రమే. మెల్లగా ఉన్న రికార్డింగ్ ఆ మెట్లలో కొన్నిటినే వాడుకుని, మిగతాదంతా బుసగా వినబడుతుంది. 8 బిట్ల వేవ్ ఫైలుగా దాచి, మ్యాక్‌లో సౌండ్‌ఆప్‌తో సిస్టమ్ 7 శబ్దంగా మార్చండి. కంప్రెషన్ వద్దు.

ఇప్పుడు స్టాక్‌ను ఒక కాపీ తీసుకుని, హైపర్‌కార్డ్ మూసేసి, రెస్ఎడిట్‌లో శబ్దం ఫైలునూ స్టాక్‌నూ రెండిటినీ తెరవండి. శబ్దం వనరును (రిసోర్స్) కాపీ చేసి స్టాక్‌లో అతికించండి. ఐదింటికీ 2001 నుంచి 2005 దాకా వేర్వేరు నంబర్లు ఇవ్వండి. ఒకే నంబరుంటే రెండోది మొదటిదాన్ని తినేస్తుంది. పేరు కూత ఫీల్డ్‌లో టైప్ చేసిన స్పెల్లింగ్‌తోనే ఉండాలి.

ఎగిరే పక్షి

మొదటి కార్డు మీద పిచ్చుక ఎగరాలంటే ఐకాన్ ఎడిటర్‌లో 32 × 32 పిక్సెళ్ల రెండు ఐకాన్లు గీయండి, రెక్క పైకి ఒకటి, కిందికి ఒకటి. నంబర్లు 1001, 1002. పారదర్శక బటన్ ఒకటి పెట్టి, మొదటి ఐకాన్ ఇచ్చి, ఈ స్క్రిప్ట్ రాయండి:

ఆన్ మౌస్‌అప్
పుట్ 40 ఇంటు ఎక్స్
రిపీట్ అంటిల్ ఎక్స్ > 470
సెట్ ది ఐకాన్ ఆఫ్ మి టు 1001
సెట్ ది లోక్ ఆఫ్ మి టు ఎక్స్,150
వెయిట్ 2 టిక్స్
సెట్ ది ఐకాన్ ఆఫ్ మి టు 1002
వెయిట్ 2 టిక్స్
యాడ్ 6 టు ఎక్స్
ఎండ్ రిపీట్
ఎండ్ మౌస్‌అప్

టిక్ అంటే సెకనులో 60వ వంతు. 72 చుట్లు, చుట్టుకు 4 టిక్కులు, అంటే సుమారు 5 సెకన్లు, గీతకు పట్టే సమయం అదనం. వెయిట్ తీసేస్తే ఎమ్యులేటర్‌లో పిచ్చుక కంటికే ఆనదు, మ్యాక్ ప్లస్‌లో మాత్రం బాగుంటుంది, అప్పుడు మీకు తేడా అర్థం కాదు. బేసిక్‌లోలాగా స్టెప్ అని రాయబోకండి, ఆ మాట హైపర్‌టాక్‌లో లేదు. అందుకే ఎక్స్‌ను చేత్తో పెంచుతున్నాం. స్క్రిప్ట్ ఆగకుండా తిరుగుతుంటే కమాండ్ పట్టుకుని చుక్క నొక్కండి.

పరీక్ష

ఆఖరి కార్డు మీద ఉండి న్యూ బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకోండి. ఇక్కడ కూత బటన్, "కూత", "జవాబ్" అని రెండు ఫీల్డులు, మూడు పారదర్శక బటన్లు. బటన్ల కింద కార్డు పొరలో మూడు పేర్లు బొమ్మలుగా. బటన్లకు 1, 2, 3 అని పేర్లు పెట్టకండి, హైపర్‌టాక్ పేరుకూ వరస నంబరుకూ తికమక పడే వీలుంది. ఎ, బి, సి చాలు. మూడిటి స్క్రిప్టూ ఒకటే:

ఆన్ మౌస్‌అప్
చెక్‌ఆన్సర్ ది షార్ట్ నేమ్ ఆఫ్ మి
ఎండ్ మౌస్‌అప్

అసలు పని బ్యాక్‌గ్రౌండ్ స్క్రిప్ట్‌లో. బటన్‌కు తెలియని మాట కార్డుకూ, అక్కడి నుంచి బ్యాక్‌గ్రౌండ్‌కూ, స్టాక్‌కూ, హోమ్ స్టాక్‌కూ, చివరికి హైపర్‌కార్డ్‌కూ వెళ్తుంది. కమాండ్-ఆప్షన్-బి నొక్కి ఇది రాయండి:

ఆన్ చెక్‌ఆన్సర్ పిక్
గ్లోబల్ స్కోర్
ఇఫ్ పిక్ ఈజ్ లైన్ 1 ఆఫ్ బ్యాక్‌గ్రౌండ్ ఫీల్డ్ "జవాబ్" దెన్
యాడ్ 1 టు స్కోర్
ప్లే "హార్ప్సికార్డ్" టెంపో 200 "సి ఇ జి సి5"
వెయిట్ అంటిల్ ది సౌండ్ ఈజ్ "డన్"
విజువల్ ఎఫెక్ట్ డిజాల్వ్
గో నెక్స్ట్ కార్డ్
ఎల్స్
ప్లే "బోయింగ్"
ఎండ్ ఇఫ్
ఎండ్ చెక్‌ఆన్సర్

వెయిట్ పంక్తి వదలకండి. ప్లే అన్నాక శబ్దం పూర్తయ్యేదాకా హైపర్‌కార్డ్ ఆగదు, వెంటనే తర్వాతి పంక్తికి పోతుంది. అప్పుడు ఒప్పు అన్న సంగీతం తర్వాతి కార్డు మీద మోగుతుంది. స్టాక్ స్క్రిప్ట్‌లో ఓపెన్‌స్టాక్ కింద స్కోర్‌ను సున్నా చేయండి, అక్కడ కూడా గ్లోబల్ స్కోర్ అని రాయాలి. ఏ హ్యాండ్లర్‌లో (ఆన్ నుంచి ఎండ్ దాకా ఉండే ముక్క) ఆ పంక్తి మరిచిపోతే అక్కడి స్కోర్ వేరే స్కోర్ అయిపోతుంది.

కార్డు స్క్రిప్ట్‌లో ఓపెన్‌కార్డ్ రాస్తే బ్యాక్‌గ్రౌండ్‌లోని ఓపెన్‌కార్డ్ దాకా సందేశం చేరదు. చేరాలంటే చివర పాస్ ఓపెన్‌కార్డ్ అనాలి.

దాచడం, పంచడం

హైపర్‌కార్డ్‌లో సేవ్ ఆజ్ఞ లేదు. చేసిన ప్రతి మార్పూ తనంతట తనే డిస్కుకెక్కుతుంది, అన్‌డూ ఒక్క అడుగే వెనక్కి వేస్తుంది. కాబట్టి ఏ ప్రయోగానికైనా ముందు సేవ్ ఎ కాపీ. కార్డులు తీసేసినా చోటు ఖాళీ అవదు. కాంపాక్ట్ స్టాక్ నడిపితేనే ఫైలు చిక్కుతుంది, ఫ్లాపీకి ఎక్కించేముందు తప్పక చేయండి.

పిల్లలకిచ్చే కాపీలో ప్రొటెక్ట్ స్టాక్‌తో స్థాయిని బ్రౌజింగ్‌కు దించండి. మళ్లీ మీకు పూర్తి మెనూ కావాలంటే కమాండ్ పట్టుకుని ఫైల్ మెనూ లాగండి, ప్రొటెక్ట్ స్టాక్ అందులో కనబడుతుంది.

పంచేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. స్టాక్‌లోని కార్డులు, స్క్రిప్టులు ఫైలు డేటా భాగంలో ఉంటాయి. శబ్దాలు, ఐకాన్లు రిసోర్స్ భాగంలో ఉంటాయి. విండోస్ డిస్కు మీదకో పెన్‌డ్రైవ్ మీదకో నేరుగా కాపీ చేస్తే రెండో భాగం రాలిపోతుంది. అటువైపు తెరిస్తే బొమ్మలన్నీ ఉంటాయి, పిచ్చుక మాయం, ఏ పక్షీ కూయదు. స్క్రిప్ట్‌లో తప్పు వెతుకుతూ కూర్చోకండి. స్టాక్‌ను మ్యాక్‌లోనే స్టఫిట్‌తో గానీ బిన్‌హెక్స్‌తో గానీ చుట్టి పంపండి, లేదా 800 కె డిస్క్ ఇమేజ్‌లో పెట్టి ఆ ఇమేజ్‌నే ఇవ్వండి. ఇమేజ్‌ను మినీ వీమ్యాక్ కిటికీలోకి లాగి వదిలితే ఫ్లాపీ పెట్టినట్టే తెరుచుకుంటుంది. ఐదు కూతలూ అక్కడ ఒకసారి నొక్కి విన్నాకే ఎవరికైనా పంపండి.